తండ్రి ఏం చేస్తే తండ్రి? పోషణ, పెత్తనం, పెంపకం మధ్య చిక్కుముడి

2020 డిసెంబర్‌లో అడిలైడ్ టెస్ట్ అయిపోగానే విరాట్ కోహ్లీ ఇంటికి బయల్దేరాడు. భార్యకు నెలలు నిండుతున్నాయి. రెండో ఇన్నింగ్స్‌లో జట్టు 36 పరుగులకే కుప్పకూలిన మ్యాచ్ అది. దాంతో చర్చ ఇంకాస్త వేడెక్కింది. కెప్టెన్ ఇలాంటప్పుడు జట్టును వదిలి వెళ్తాడా అని కొందరు, కాన్పు సమయంలో భార్య పక్కన ఉండటం తప్పెలా అవుతుందని కొందరు. చాలామందికి ధోనీ గుర్తొచ్చాడు. 2015 ఫిబ్రవరిలో వరల్డ్ కప్‌కు ముందు కూతురు పుడితే ఆయన ఆస్ట్రేలియాలోనే ఉండిపోయాడు. దేశం పని మీద ఉన్నాను, మిగతావి ఆగొచ్చు అన్నాడు. మరోవైపు, సన్‌రైజర్స్ హైదరాబాద్ బౌలర్ నటరాజన్‌కు ఆ 2020లోనే ఐపీఎల్ జరుగుతుండగా కూతురు పుట్టింది. అతను ఇంటికి రాకుండా యూఏఈ నుంచి నేరుగా ఆస్ట్రేలియా వెళ్లాడు. మొదట వెళ్లింది నెట్ బౌలర్‌గా, అంటే ప్రాక్టీస్‌లో బంతులేసేవాడిగా. పెద్ద ఆటగాడికొక రూలు, చిన్నవాడికొక రూలా అని సునీల్ గావస్కర్ తన కాలమ్‌లో ఎత్తిచూపాడు.

ముగ్గురి మీదా జనం తీర్పులు చెప్పేశారు. కానీ వాదించుకున్నవాళ్లు ఒకే విషయం మాట్లాడలేదు. ఒకరు చేసే పని పట్ల బాధ్యత గురించి, ఇంకొకరు బిడ్డ దగ్గర ఉండటం గురించి మాట్లాడారు. నటరాజన్ దగ్గరికొచ్చేసరికి ప్రశ్నే మారిపోయింది: సెలవు అడిగే ధైర్యం ఎవరికుంటుంది? పెటర్నిటీ లీవ్ (బిడ్డ పుట్టినప్పుడు తండ్రికిచ్చే సెలవు), విడాకుల తర్వాత పిల్లల కస్టడీ, ఇంటిపేరు, ఇలా తండ్రి చుట్టూ వచ్చే ప్రతి గొడవలోనూ ఇదే గందరగోళం. కాబట్టి ముందు ముడి విప్పాలి.

మూడు పనులు, ఒకే మనిషి

తండ్రి నుంచి మన సమాజం ఆశించేవి ముఖ్యంగా మూడు. మొదటిది పోషణ. ఇంటి అద్దె, స్కూలు ఫీజు, ఆస్పత్రి బిల్లు. రెండోది పెత్తనం. ఏ కాలేజీ, ఎంపీసీయా బైపీసీయా, ఏ సంబంధం, ఫారం మీద సంతకం ఎవరిది. మూడోది పెంపకం. నీళ్లు పోయడం, అన్నం తినిపించడం, జ్వరమొస్తే రాత్రంతా మేలుకోవడం, పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లి టీచర్ చెప్పేది వినడం.

మన ఇళ్లలో మెచ్చుకోలు ఎక్కువగా మొదటిదానికే దక్కుతుంది. "పిల్లలకి ఏ లోటూ రానివ్వలేదు" అంటే ఆ మనిషి మంచి తండ్రి అన్నట్టే. "మీ నాన్న రానీ, నీ సంగతి చెప్తా" అనే తల్లి బెదిరింపు రెండోదానికి సాక్ష్యం. మూడోది చేసే మగవాడికి మాత్రం రెండు రకాల స్పందనలు ఎదురవుతాయి. "మీ ఆయన ఎంత మంచివాడే, డైపర్లు కూడా మారుస్తాడు" అని ఒకటి. ఆడవాళ్ల పనులు చేస్తున్నాడని ఎగతాళి రెండోది. ఒకటి తీపి, ఒకటి చేదు అనిపిస్తాయి గానీ రెండూ పుట్టింది ఒక్కచోటే. అది అతని పని కాదు అనే లెక్క నుంచి. తల్లి డైపర్ మారిస్తే ఎవరూ శభాష్ అనరు కదా.

సర్వేలో చెప్పేదొకటి, గడియారం చూపించేదొకటి

అభిప్రాయాలు మారుతున్నాయా? అమెరికాకు చెందిన ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019 చివర్లో, 2020 మొదట్లో మన దేశంలో దాదాపు 30 వేల మందిని అడిగి, 2022లో ఫలితాలు విడుదల చేసింది. పిల్లల్ని చూసుకోవడం భార్యాభర్తలిద్దరి బాధ్యత అని 62 శాతం మంది చెప్పారు. అది ప్రధానంగా ఆడవాళ్ల పని అన్నవాళ్లు 34 శాతం. ఇక్కడితో ఆగితే బాగానే ఉంది అనుకుంటాం. అయితే అదే సర్వేలో, భార్య ఎప్పుడూ భర్త మాట వినాలన్న మాటతో 87 శాతం మంది పూర్తిగానో కొంతవరకో ఏకీభవించారు. ఉద్యోగాలు తక్కువగా ఉన్నప్పుడు మగవాళ్లకే ఎక్కువ హక్కుండాలన్నవాళ్లు 80 శాతం.

అంటే జనం మాట మీద నిలబడరని కాదు. పెంపకంలో తండ్రి చెయ్యి వెయ్యాలి, పెత్తనం మాత్రం ఆయన దగ్గరే ఉండాలి అని ఒకే మనిషి అనుకోవచ్చు. మూడు పనుల్నీ విడదీస్తే ఈ అంకెల మధ్య వైరుధ్యం కనిపించదు.

మరి ఆచరణలో? కేంద్ర ప్రభుత్వం జరిపే టైమ్ యూజ్ సర్వే ఉంది. ఒక రోజులో ఎవరు దేనికి ఎంతసేపు వెచ్చించారో లెక్కగట్టే సర్వే. 2024 లెక్కల్లో 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ పనుల్లో పాల్గొన్నారు, మగవాళ్లలో 21.4 శాతం. పాల్గొన్నవాళ్లు రోజుకు వెచ్చించినది ఆడవాళ్లు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు.

పత్రికల్లో 140, 74 మాత్రమే వేసి, మగవాళ్లు సగం చేస్తున్నారన్నట్టు రాస్తుంటారు. అసలు తిరకాసు అక్కడే. ఆ 74 నిమిషాలు పని చేసినవాళ్ల సగటు. ఆ పని ముట్టనివాళ్లని కూడా కలపాలంటే శాతంతో గుణించాలి. ఆడవాళ్లకు 140లో 41 శాతం, అంటే సుమారు 57 నిమిషాలు. మగవాళ్లకు 74లో 21.4 శాతం, సుమారు 16 నిమిషాలు. రెట్టింపు కాదు, మూడున్నర రెట్ల తేడా. ఇందులో పిల్లలతో పాటు ముసలివాళ్ల, జబ్బుపడ్డవాళ్ల సంరక్షణ కూడా ఉంది. వంట, అంట్లు, బట్టలు వేరే ఖాతా.

దీనికి ఎదురువాదం కూడా ఉంది, దాన్ని తీసిపారేయడానికి లేదు. అదే సర్వేలో అదే వయసు మగవాళ్లలో 75 శాతం మంది సంపాదనకు సంబంధించిన పనుల్లో ఉన్నారు, ఆడవాళ్లలో 25 శాతం. రోజంతా బయట పనిచేసి ఇంటికి తెచ్చే డబ్బు కూడా పిల్లల కోసమేగా అని మగవాళ్లు అడిగితే అందులో న్యాయం ఉంది. ఉద్యోగం చేసే తల్లి ఇంటికొచ్చాక ఆ లెక్క ఎందుకు మారడం లేదన్నదే ఈ వాదం జవాబు చెప్పలేని చోటు.

చట్టం కళ్లకు తండ్రి ఎలా కనిపిస్తాడు

చట్టానికి మొదటి రెండు పనులు స్పష్టంగా కనిపిస్తాయి. పోషణ విషయంలో, స్తోమత ఉండి కూడా భార్యాపిల్లల్ని పట్టించుకోని వ్యక్తి భరణం ఇవ్వాల్సిందే. పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్ అంటే కోర్టు మెట్లెక్కినవాళ్లందరికీ తెలుసు. దాని స్థానంలో 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 144వ సెక్షన్ అయింది.

పెత్తనం విషయంలో హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956 చూడాలి. దాని 6వ సెక్షన్ ప్రకారం మైనర్ బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. పెళ్లి కాని తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డ విషయంలో వరస తిరగబడుతుంది, ముందు తల్లి, తర్వాత తండ్రి. ముస్లిం పర్సనల్ లాలోనూ సహజ సంరక్షకుడు తండ్రే, అయితే చిన్నపిల్లల్ని దగ్గర పెట్టుకునే హక్కు తల్లిది. ఏ వయసు దాకా అన్నది సంప్రదాయాన్ని బట్టి మారుతుంది.

ఆ "తర్వాత" అంటే ఏమిటి? తండ్రి చనిపోయాకనా? ఈ ప్రశ్న రచయిత్రి గీతా హరిహరన్ వల్ల సుప్రీంకోర్టుకు వెళ్లింది. కొడుకు పేరు మీద రిజర్వ్ బ్యాంక్ బాండ్లు కొనడానికి సంరక్షకురాలిగా తాను సంతకం పెడితే, తండ్రి సంతకం కావాలన్నారు. తండ్రి దగ్గరలో లేకపోయినా, బిడ్డను పట్టించుకోకపోయినా, తల్లికి అప్పగించినా, ఆయన బతికుండగానే తల్లి సంరక్షకురాలు కావచ్చని 1999లో కోర్టు తేల్చింది. పెద్ద ముందడుగే. అయితే వరస మాత్రం చెరిగిపోలేదు, సెక్షన్‌లో ముందు పేరు ఇప్పటికీ తండ్రిదే. ఈ ఆధిక్యం తీసేయమని, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 1989లో ఒకసారి, 2015లో ఇచ్చిన 257వ నివేదికలో మరోసారి చెప్పింది.

పేరు విషయంలో ప్రభుత్వ కాగితాలు చట్టం కంటే ముందు కదిలాయి. 2016 డిసెంబర్ నుంచి పాస్‌పోర్ట్ దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఇస్తే చాలు. 2018 డిసెంబర్ నుంచి ఒంటరి తల్లి పిల్లలకు పాన్ కార్డు కోసం తండ్రి పేరు తప్పనిసరి కాదు.

గార్డియన్‌షిప్ వేరు, కస్టడీ వేరు

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. గార్డియన్‌షిప్ అంటే బిడ్డ ఆస్తి, చదువు, వైద్యం గురించి నిర్ణయాలు తీసుకునే అధికారం. కస్టడీ అంటే బిడ్డ ఎవరి ఇంట్లో పెరుగుతుందన్నది. మూడోది విజిటేషన్, అంటే కస్టడీ లేనివాళ్లు బిడ్డను కలుసుకునే హక్కు.

ఉదాహరణకు ఖమ్మంలో ఒక జంట విడిపోయిందనుకుందాం. పాపకు నాలుగేళ్లు. తండ్రే సహజ సంరక్షకుడని చట్టం అంటోంది కాబట్టి పాప ఆయన దగ్గరికి వెళ్తుందా? వెళ్లకపోవచ్చు. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని అదే 6వ సెక్షన్ చెబుతోంది. మరి పాపకు ఐదు దాటగానే తండ్రికి అప్పగిస్తారా? అదీ ఖాయం కాదు. అన్నిటికంటే బిడ్డ సంక్షేమమే పెద్దదని 13వ సెక్షన్ చెబుతుంది, కోర్టులు నిజానికి పట్టుకునేది దాన్నే. తల్లి క్యాన్సర్‌తో చనిపోయాక ఆమె తరఫు బంధువుల దగ్గర ఉన్న పసిబిడ్డను తండ్రికి అప్పగించడాన్ని 2019లో సుప్రీంకోర్టు సమర్థించింది.

కాగితం మీద పెత్తనం తండ్రిది, బిడ్డ మాత్రం ఎక్కువగా తల్లి ఇంట్లో. విడాకులైన తండ్రుల కోపం ఇక్కడే మొదలవుతుంది. నెలకు నాలుగు ఆదివారాలు, కొన్ని గంటలు, ఒక్కోసారి కోర్టు ఆవరణలోనే కలవాలి. డబ్బు పంపడానికే తండ్రి కావాలా అని వాళ్లడుగుతారు. ఇద్దరి దగ్గరా బిడ్డ పెరిగే ఉమ్మడి కస్టడీని చట్టంలో చేర్చమన్న డిమాండ్ అలా వచ్చింది. లా కమిషన్ 257వ నివేదిక కూడా దాన్ని సిఫార్సు చేసింది, అయితే ప్రతి కేసులో కాదు, బిడ్డకు మంచిదనిపించిన చోట.

అవతలి వాదం: పెళ్లి నిలబడినన్నాళ్లూ బిడ్డ హోమ్‌వర్క్ చూడని మనిషి విడాకుల కాగితాలు రాగానే సగం రోజులు కావాలంటే, అది ప్రేమా, భరణం తగ్గించుకునే ఎత్తా? ఇంట్లో హింస ఉన్న కేసుల్లో ఉమ్మడి కస్టడీ అంటే ఆమె ప్రతి వారం ఆ మనిషి ముఖం చూడాల్సి రావడమే అని మహిళా సంఘాల భయం. నాకు ఈ రెండు వాదాలూ ఒకే లోటు నుంచి వచ్చినట్టు కనిపిస్తాయి. పెళ్లిలో ఉన్నప్పుడు తండ్రి చేసిన పెంపకానికి ఎక్కడా లెక్క లేదు, ఎవరూ అడగలేదు. విడిపోయాక కోర్టు మొదటిసారి అడుగుతుంది.

ఇంటిపేరు ఎవరిది?

మన దగ్గర పేరుకు ముందుండే ఇంటిపేరు తండ్రి వైపు నుంచే వస్తుంది. తెలుగువాళ్ల కేసే ఒకటి దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బిడ్డ పసితనంలోనే తండ్రి చనిపోయాడు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డకు కన్నతండ్రి ఇంటిపేరే ఉండాలని తాత, నానమ్మ వైపువాళ్లు పట్టుబట్టారు. పాత ఇంటిపేరు తిరిగి పెట్టమని, రికార్డుల్లో రెండో భర్తను సవతి తండ్రిగా రాయమని హైకోర్టు చెప్పింది. 2022 జులైలో సుప్రీంకోర్టు దీన్ని పక్కన పెట్టింది. బిడ్డకు మిగిలిన ఏకైక సహజ సంరక్షకురాలు తల్లి, ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదే అంది. సవతి తండ్రి అని రాయించడం బిడ్డ పట్ల క్రూరత్వమని కూడా అంది. తాతలు పోరాడింది వంశం కోసం, తల్లి పోరాడింది బడిలో ఆ పిల్లవాడు ఎలా పిలిపించుకుంటాడన్న దానికోసం. కోర్టు రెండోదాన్నే చూసింది.

పెటర్నిటీ లీవ్: ఎవరికుంది, ఎవరికి లేదు

ఇక పెంపకం. చట్టానికి సరిగా కనిపించనిది ఇదే.

మెటర్నిటీ బెనిఫిట్ చట్టం 1961కి 2017లో సవరణ వచ్చి, మొదటి రెండు కాన్పులకు జీతంతో సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అంటే 182 రోజులు. తండ్రికి ఇలాంటి దేశవ్యాప్త చట్టం లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజులుంది, సజీవంగా ఉన్న పిల్లలు ఇద్దరి కంటే తక్కువ ఉంటేనే. కాన్పుకు 15 రోజుల ముందు నుంచి బిడ్డకు ఆరు నెలలు వచ్చేలోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు, వాడకపోతే పోయినట్టే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకూ 15 రోజులున్నాయి.

ముగ్గురు తండ్రుల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. విజయవాడలో పోస్టల్ ఉద్యోగికి హక్కుగా 15 రోజులు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు కంపెనీ పాలసీలో ఎంతుంటే అంత. కొన్నిచోట్ల వారం, కొన్నిచోట్ల నెలలు, చిన్న స్టార్టప్‌లో మేనేజర్ దయ. సిరిసిల్లలో పవర్‌లూమ్ కార్మికుడికి సున్నా, పైగా మగ్గం దగ్గరికి వెళ్లని రోజు కూలి కూడా పోతుంది.

దేశమంతటికీ ఒక చట్టం తేవాలని 2017లో అప్పటి ఎంపీ రాజీవ్ సాతవ్ లోక్‌సభలో ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని సభ్యుడు పెట్టేది) పెట్టారు, అది చట్టం కాలేదు. సోషల్ సెక్యూరిటీ కోడ్ 2020లో కూడా ప్రసూతి సెలవు ఉంది గానీ పితృత్వ సెలవు లేదు. 2016లో కేంద్ర మహిళా, శిశు సంక్షేమ మంత్రిగా ఉన్న మేనకా గాంధీ, మగవాళ్లకు ఇలాంటి సెలవు ఇస్తే అది వాళ్లకొక హాలిడే అవుతుంది, వాళ్లేం చేయరు అన్నారు. ఆ మాట మీద పెద్ద దుమారమే రేగింది. ఎక్కువమంది ఆడవాళ్ల అనుభవం దాన్ని ఖండించదు కూడా. కానీ చేయరు కాబట్టి సెలవు వద్దు, సెలవు లేదు కాబట్టి చేయరు అంటూ పోతే ఈ వాదన ఎక్కడా తెగదు.

ఇంకో కోణం, ఉద్యోగాలిచ్చేవాళ్ల లెక్క. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకం) పరిధిలో ఉన్న కార్మికురాలికి ప్రసూతి డబ్బు ఈఎస్ఐ నిధి నుంచి వస్తుంది. ఆ పరిధి బయట ఉన్న ఉద్యోగినికి 26 వారాల జీతం యజమానే భరించాలి. పెళ్లయిన అమ్మాయిని తీసుకుంటే ఆరు నెలలు కూర్చోబెట్టి జీతమివ్వాలి, అబ్బాయైతే ఆ బాధ లేదు అని ఇంటర్వ్యూ చేసే మనిషి మనసులో లెక్క వేసుకుంటాడు. తండ్రికీ చెప్పుకోదగ్గ సెలవుంటే ఈ తేడా తగ్గుతుందని ఒక వాదం. ఉన్న భారమే మొయ్యలేని చిన్న పరిశ్రమల మీద ఇంకో బరువు అని రెండో వాదం. నిజానికి ఇద్దరి తగువూ సెలవు గురించి కాదు, బిల్లు ఎవరు కట్టాలన్న దాని గురించి. స్వీడన్‌లో 1974లో తల్లి సెలవును తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చినప్పుడు జీతం యజమాని కాకుండా సామాజిక బీమా ఇచ్చింది.

పుట్టింటి పురుడు: మనకే ప్రత్యేకమైన చిక్కు

విదేశీ నమూనాలు చెప్పేవాళ్లు మర్చిపోయేది ఒకటుంది. మన దగ్గర తొలి కాన్పు చాలా ఇళ్లలో ఇప్పటికీ పుట్టింట్లోనే. సీమంతమయ్యాక అమ్మాయి వెళ్తుంది, బిడ్డకు మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తారింటికి వస్తుంది. బాలింతకు పథ్యం, బిడ్డకు నలుగు, నీళ్లు అన్నీ అమ్మమ్మ చేతుల మీదే. అల్లుడు బారసాలకు వచ్చి, పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాసి, భోజనం చేసి వెళ్తాడు. అత్తారింట్లో పది రోజులు ఉండిపోతే ఆయనకూ ఇబ్బందే, వాళ్లకూ ఇబ్బందే. మర్యాదలు చేయలేక అత్తగారికి అదనపు టెన్షన్.

ఇలాంటి ఇంట్లో "నీకు సెలవెందుకు?" అని ఆఫీసులో అడిగితే ఆ తండ్రి దగ్గర జవాబుండదు. ఆరు నెలల్లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చన్న ప్రభుత్వ నిబంధన ఇక్కడే పనికొస్తుంది. తల్లీబిడ్డా తిరిగొచ్చి, అమ్మమ్మ సాయం లేని మొదటి వారాల్లో సెలవు పెడితే అసలైన అవసరం తీరుతుంది. కాన్పు రోజున ఆస్పత్రి కారిడార్‌లో నిలబడడం కంటే ఇది ఎక్కువ ఉపయోగమని నా ఉద్దేశం. సిజేరియన్ అయిన భార్య, బయట సంతకాల కోసం పిలిచే నర్సు ఉన్నచోట మాత్రం కారిడార్‌లో నిలబడటం కూడా పనే.

పుట్టింటి ఆసరా కూడా ఇప్పుడు అందరికీ లేదు. డల్లాస్‌లో ఉండే జంటలకు అమ్మమ్మ వీసా ఆర్నెల్లే. ఆమె వెళ్లిపోయాక మిగిలేది ఇద్దరే.

సెలవిస్తే తీసుకుంటారా?

జపాన్ దీనికి చక్కని ఉదాహరణ. అక్కడ తండ్రులకు బిడ్డకు ఏడాది వచ్చేదాకా సెలవు పెట్టే హక్కు ఎప్పటినుంచో ఉంది. అయినా 2012లో ఆ సెలవు తీసుకున్న తండ్రులు రెండు శాతం కూడా లేరు. పై అధికారి ఏమనుకుంటాడో, ప్రమోషన్ పోతుందేమో అన్న భయం. 2020 జనవరిలో పర్యావరణ మంత్రి షింజిరో కోయిజుమి బిడ్డ కోసం రెండు వారాల సెలవు ప్రకటిస్తే అది దేశవ్యాప్త వార్త అయింది. 2022 నుంచి నిబంధనలు మారాయి. బిడ్డ పుట్టబోతోందని ఉద్యోగి చెప్పగానే సెలవు సంగతి కంపెనీయే అడగాలి. పెద్ద కంపెనీలు ఎంతమంది తండ్రులు సెలవు తీసుకున్నారో బయటపెట్టాలి. 2020లో 12.65 శాతం ఉన్నది 2023కి 30.1 శాతమైంది.

స్వీడన్ ఇంకో దారి పట్టింది. 1974 నుంచి సెలవు ఇద్దరిదీ అన్నా, వాడుకున్నది ఎక్కువగా తల్లులే. 1995లో ఒక నెల తండ్రికి కేటాయించి, వాడకపోతే పోతుంది, తల్లికి బదలాయించడం కుదరదు అన్నారు. 2002లో రెండో నెల, 2016లో మూడో నెల అలాగే చేర్చారు. ఇంట్లో "నేను సెలవు పెట్టనా?" అన్న చర్చే మారిపోయింది, పెట్టకపోతే నష్టం కాబట్టి.

ఈ రెండు దేశాలను చూసి మనవాళ్ల మనస్తత్వం మారాకే చట్టం అనేవాళ్లకు, చట్టమొస్తే మనస్తత్వం అదే మారుతుంది అనేవాళ్లకు చెరో సగం ఆధారం దొరుకుతుంది. హక్కు ఒక్కటే ఉన్నప్పుడు జపాన్‌లో కదలిక నెమ్మదిగానే ఉంది. అడిగే బాధ్యత కంపెనీ మీద పడ్డాక వేగం పెరిగింది.

ఏ సెలవూ తాకని తండ్రులు

ఇంత చర్చా జీతం స్లిప్పు ఉన్నవాళ్ల గురించే. పాలమూరు నుంచి వలస వెళ్లే కూలీలు, ఆటో నడిపేవాళ్లు, ఫుడ్ డెలివరీ చేసే కుర్రాళ్లకు సెలవు అనే మాటకు అర్థమే లేదు. పనిచేయని రోజు డబ్బు రాదు. తల్లి విషయంలో ఈ సంగతిని ప్రభుత్వం కొంత గుర్తించింది. ప్రధాన మంత్రి మాతృ వందన యోజన కింద మొదటి బిడ్డకు 5,000 రూపాయలు ఇస్తోంది, పోయిన కూలికి కొంత పరిహారంగా. తండ్రి కోల్పోయే కూలికి అలాంటి పద్దు లేదు.

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్‌కు, కడప, కోనసీమ నుంచి కువైట్‌కు వెళ్లినవాళ్లది మరీ విచిత్రమైన స్థితి. యూఏఈ 2020లో ప్రైవేటు రంగ ఉద్యోగులైన తల్లిదండ్రులిద్దరికీ ఐదు పని దినాల సెలవును చట్టం చేసింది. మన ప్రైవేటు రంగంలో అది కూడా లేదు. అయితే బిడ్డ పుట్టింది జగిత్యాలలో. రానూపోనూ టికెట్ సొంత డబ్బుతో కొని, ఐదు రోజుల కోసం వచ్చి వెళ్తే ఏజెంటు దగ్గర చేసిన అప్పు వాయిదా ఆ నెల తప్పుతుంది. పోషణకూ పెంపకానికీ మధ్య ఏదో ఒకటి ఎంచుకోమంటే అతను ఎంచుకునేది వాయిదా కట్టడాన్నే. ఊళ్లో అతన్ని బాధ్యత గల తండ్రి అంటారు, అనడమూ సబబే.